పెరటి కోళ్ళలో పుంజు దూకుడు

పెరటి కోళ్ళలో పుంజు దూకుడు అనగా ఇంటి పెరట్లో పెంచే చిన్న కోళ్ళ మందలో, యుక్తవయసుకు వచ్చిన కోడిపుంజు తోటి కోళ్ళపై గాని, మనుషులపై గాని పదేపదే దాడికి దిగే ప్రవర్తన. ఇది సాధారణంగా పుంజుకు నాలుగు, ఐదు నెలల వయసు వచ్చినప్పుడు మొదలై మొదటి సంవత్సరంలో ఎక్కువగా కనిపిస్తుంది. అంతవరకు చేతిలో గింజలు తిన్న పిల్ల ఒక్కసారిగా యజమాని కాళ్ళపైకి ఎగరడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. ఈ ప్రవర్తన వ్యాధి కాదు. మందను కాపాడుకొనుట, పెట్టల కొరకు పోటీపడుట అనే సహజ గుణాలు హద్దు దాటినప్పుడు కలిగే సమస్య ఇది. తొలి దశలోనే గుర్తించి తగిన పద్ధతులు పాటిస్తే చాలా పుంజులను అదుపులో ఉంచవచ్చు. అదుపులోకి రాని పుంజు వలన, ముఖ్యంగా చిన్నపిల్లలకు, వృద్ధులకు ప్రమాదం ఉంటుంది.

పేర్లు

కోడి శాస్త్రీయ నామం గాలస్ గాలస్ డొమెస్టికస్. దక్షిణ, ఆగ్నేయ ఆసియా అడవులలో నివసించే ఎర్ర అడవికోడి దీని ముఖ్య పూర్వీకజాతి. తెలుగులో మగకోడిని పుంజు, కోడిపుంజు అని, ఆడకోడిని పెట్ట అని అంటారు. ఏడాది నిండని మగకోడిని ఈ వ్యాసంలో పడుచు పుంజు అని వ్యవహరించడమైనది. పుంజు తలపై ఉండే ఎర్రని కండను జుట్టు లేదా తురాయి అంటారు. కాలి వెనుక భాగంలో మొలిచే కొమ్ము వంటి మొనను ముల్లు అంటారు. దాడిలో ఎక్కువ గాయాలు చేసేది ఈ ముల్లే.

కొండాపూర్ ప్రాంతంలో పెరటి కోళ్ళు

కొండాపూర్ తెలంగాణ రాష్ట్రం, సంగారెడ్డి జిల్లాలోని మండల కేంద్రం. హైదరాబాదు నగరంలో శేరిలింగంపల్లి ప్రాంతానికి చెందిన కొండాపూర్ వేరు. సంగారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు మెదక్ జిల్లా నుండి ఏర్పడింది. శాతవాహనుల కాలపు అవశేషాలు, వాటిని భద్రపరచిన పురావస్తు ప్రదర్శనశాల వలన కొండాపూర్ చరిత్ర విద్యార్థులకు సుపరిచితమైన ఊరు. దీనికి తూర్పున పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు విస్తరించి ఉన్నాయి. అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ అయిన ఇక్రిశాట్ 1972లో పటాన్‌చెరులో ఏర్పడింది.

ఈ ప్రాంతంలో వ్యవసాయ గ్రామాలు, కార్మికుల కాలనీలు పక్కపక్కనే ఉన్నాయి. గ్రామాలలో కోళ్ళు పగలంతా పెంటకుప్పల దగ్గర, చెట్ల క్రింద, పొలం గట్ల మీద మేసి, సాయంత్రానికి గూటికి చేరతాయి. రాత్రి వాటిని గంప క్రింద కమ్మడం గాని, మట్టి గూట్లోకి తోలడం గాని ఆనవాయితీ. ఇట్లు విశాలమైన స్థలంలో తిరిగే మందలో ఓడిన పుంజుకు పారిపోవడానికి చోటు ఉంటుంది. పొలాలు ప్లాట్లుగా మారి, చుట్టూ ప్రహరీ గోడలు లేచిన చోట అవే కోళ్ళు నాలుగైదు గజాల వాకిట్లో తిరగవలసి వస్తుంది. పుంజు ఎదుటపడకుండా మనుషులు కూడా తప్పుకోలేరు. అందువలన పల్లెలో ఎవరూ పట్టించుకోని పుంజు దుడుకుతనం కాలనీ ఇళ్ళలో సమస్యగా మారుతుంది.

తెలంగాణలో పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ వంటి గ్రామదేవతలకు మొక్కుగా పుంజును సమర్పించే ఆచారం ఉంది. బోనాల పండుగకు, జాతరలకు, ఇంటికి వచ్చిన చుట్టాలకు పుంజును కోయడం మామూలు. దీనివలన మందలో అదనపు పుంజులు సహజంగానే తగ్గిపోయేవి. దుడుకు పుంజు ఎక్కువ కాలం మిగలదు. ముచ్చటపడి పేరు పెట్టి పెంచుకొనే ఇళ్ళలో ఈ మార్గం ఉండదు కనుక నిర్వహణ పద్ధతులు తెలిసి ఉండటం అవసరం.

శాస్త్రీయ నేపథ్యం

మగకోడి పోట్లాట స్వభావానికి వృషణాల నుండి వెలువడే టెస్టోస్టిరోన్ అనే హార్మోను ముఖ్య కారణం. 1849లో జర్మనీలోని గాటింగెన్‌లో ఆర్నాల్డ్ అడాల్ఫ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త ఆరు పడుచు పుంజులపై ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు పూర్తిగా తొలగించిన పుంజులకు జుట్టు పెరగలేదు, అవి సరిగా కూయలేదు, పోట్లాడలేదు. వృషణాన్ని తిరిగి కడుపులో అమర్చిన పుంజులు మాత్రం మామూలు పుంజుల వలెనే పెరిగి, కూసి, పోట్లాడాయి. అమర్చిన వృషణానికి పాత నరాల సంబంధం లేకపోయినా ఈ ఫలితం వచ్చింది కాబట్టి, ఏదో పదార్థం రక్తం ద్వారా ప్రయాణించి శరీరాన్ని, ప్రవర్తనను మారుస్తున్నదని తేలింది. హార్మోనుల శాస్త్రానికి ఈ ప్రయోగాన్ని నాందిగా భావిస్తారు.

కోళ్ళ మందలో పొడుపు క్రమం అనే అంతస్తుల వ్యవస్థ ఉంటుంది. నార్వే దేశీయుడు థోర్‌లీఫ్ షెల్డెరప్-ఎబ్బె బాల్యం నుండి కోళ్ళను గమనించి 1921లో దీనిని వివరించాడు. పై అంతస్తులోని కోడి తన క్రింది కోడిని పొడవగలదు, క్రిందిది తిరిగి పొడవదు. మేత, నీరు, పడుకొనే కర్ర దగ్గర ఈ క్రమం స్పష్టంగా కనిపిస్తుంది. క్రమం ఒకసారి స్థిరపడిన తరువాత పోట్లాటలు తగ్గిపోతాయి. కొత్త కోడి వచ్చినా, ఉన్న కోడి పోయినా, పిల్ల పుంజు యుక్తవయసుకు వచ్చినా క్రమం మరల కదులుతుంది. పుంజులకు, పెట్టలకు ఈ క్రమాలు చాలావరకు వేరువేరుగా ఉంటాయి.

కూత కూడా ఈ అంతస్తులకు లోబడి ఉంటుంది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో పుంజు తెల్లవారుజామున కూయడం బయటి వెలుతురుపై మాత్రమే ఆధారపడదని, దాని శరీరంలోని అంతర్గత గడియారం వలన జరుగుతుందని చూపారు. 2015లో ప్రచురించిన మరొక పరిశోధనలో, గుంపులో పై అంతస్తు పుంజు ముందుగా కూస్తుందని, మిగిలినవి తమ వరుస ప్రకారం దానిని అనుసరిస్తాయని తెలిపారు.

పుంజు దూకుడును పూర్తిగా చెడ్డ గుణంగా చూడరాదు. గద్ద కనిపించినప్పుడు ఒక విధమైన కేక, ముంగిస, పిల్లి, కుక్క వంటివి నేల మీద వచ్చినప్పుడు మరొక విధమైన కేక వేసి పుంజు మందను హెచ్చరిస్తుంది. మేత దొరికితే తాను తినక, గింజను ఎత్తి వదులుతూ పెట్టలను పిలుస్తుంది. మనిషిపైకి ఎగిరే గుణం కూడా ఈ కాపలా గుణంతో ముడిపడి ఉన్నదే.

కారణాలు

పడుచు పుంజు మనుషులపై దాడి చేయడానికి క్రింది కారణాలు కనిపిస్తాయి.

- యుక్తవయసు: నాలుగు నుండి పన్నెండు నెలల మధ్య పుంజు తన స్థానం కొరకు ఎదురుపడిన ప్రతి ప్రాణినీ పరీక్షిస్తుంది. పగటి పొడవు పెరిగే నెలల్లో ఇది ఇంకా హెచ్చవచ్చు.
- మితిమీరిన చేరిక: ఒంటరిగా, చేతిలో పెరిగిన మగపిల్లకు మనిషి అంటే సహజంగా ఉండవలసిన బెదురు ఉండదు. అది పెద్దదైన తరువాత మనిషిని తోటి పుంజుగా భావించి పోటీకి దిగవచ్చు.
- ఆటపట్టించుట: పిల్లలు కాలు చాపి, కర్ర ఆడించి, గుడ్డ విసిరి పుంజును రెచ్చగొట్టడం వలన దానికి పోట్లాట అభ్యాసమవుతుంది.
- పెట్టల కొరత: ఎనిమిది నుండి పది పెట్టలకు ఒక పుంజు సరిపోతుంది. మూడు పెట్టలకు రెండు పుంజులు ఉంటే పోరు తప్పదు.
- ఇరుకు: స్థలం, మేత తొట్లు, నీటి పాత్రలు చాలకపోతే క్రమం స్థిరపడదు.
- పెట్టను పట్టుకొనుట: పుంజు చూస్తుండగా పెట్టను తరిమి పట్టుకొంటే, పెట్ట అరుపు విని పుంజు ఎదురు తిరుగుతుంది.
- భయం, నొప్పి: కాలికి గాయం, పేలు, పిడుదుల బాధ ఉన్న పుంజు దగ్గరకు వచ్చిన వారిని పొడవవచ్చు.
- వారసత్వం: మనుషులపై తిరగబడే గుణం కొంతవరకు తండ్రి నుండి పిల్లలకు వస్తుంది.

తొలి లక్షణాలు

దాడి ఒక్కసారిగా జరిగినట్లు కనిపించినా దానికి ముందు కొన్ని సూచనలు ఉంటాయి. పుంజు ఒక రెక్కను నేలకు వాల్చి, పక్కకు పక్కకు అడుగులు వేస్తూ మనిషి చుట్టూ తిరుగుతుంది. పెట్ట ముందు చేసే ఈ నాట్యాన్నే మనిషి ముందు చేస్తే అది సవాలుగా భావించాలి. తరువాత తల వంచి, మెడ ఈకలు విప్పార్చి, ఒంటి కన్నుతో తదేకంగా చూస్తుంది. మేత లేకపోయినా నేలను పొడుస్తుంది. మనిషి వెనుదిరిగి పోతున్నప్పుడు వెంట వచ్చి చెప్పును, చీర అంచును పొడుస్తుంది. చివరి దశలో రెండు కాళ్ళు ముందుకు చాపి ఎగిరి, రెక్కలతో కొడుతూ ముల్లుతో గుచ్చుతుంది.

మొదటి రెండు సూచనలు కనిపించగానే జాగ్రత్త వహిస్తే సమస్య చాలావరకు అదుపులో ఉంటుంది. ఎగిరి తన్నిన తరువాత మనిషి పరుగెత్తితే, తన ప్రయత్నం ఫలించినట్లు పుంజు నేర్చుకొంటుంది. మరుసటి రోజు అదే చోట, అదే వేళకు కాచుకొని ఉంటుంది.

ప్రమాదాలు

పుంజు గాయాలు సాధారణంగా గీతలు, కమిలిన మచ్చలతో పోతాయి. అయితే రెండు వయసుల వారికి ముప్పు ఎక్కువ. నడక నేర్చిన పిల్లల ముఖం పుంజు ఎగిరే ఎత్తుకు సరిగా ఉంటుంది. ముక్కు లేదా ముల్లు కంటికి తగిలితే చూపు పోయే ప్రమాదం ఉంది. వృద్ధులు బెదిరి వెనుకకు పడితే ఎముకలు విరగవచ్చు. కాళ్ళలో ఉబ్బిన సిరలు ఉన్నవారికి చిన్న పోటు కూడా తీవ్ర రక్తస్రావం కలిగించవచ్చు. ఆస్ట్రేలియాలో గుడ్లు ఏరుతున్న ఒక వృద్ధురాలి కాలి సిరను పుంజు పొడవడంతో, రక్తస్రావం వలన ఆమె మరణించిన ఉదంతం 2019లో వైద్య పత్రికలో ప్రచురితమైంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు కూడా జాగ్రత్తగా ఉండాలి.

పారిశ్రామికవాడల్లో పనిచేసేవారి ఇళ్ళలో పెద్దలు షిఫ్టుకు వెళ్ళిన తరువాత కోళ్ళను విడిచే పని తరచుగా అవ్వ, తాతలపైన, పిల్లలపైన పడుతుంది. అనగా పుంజు అత్యంత ఉత్సాహంగా ఉండే ఉదయపు వేళ దాని ఎదుట నిలిచేది ముప్పు ఎక్కువగా ఉన్నవారే. యజమాని ఒక్కడికి పుంజు లొంగి ఉన్నంత మాత్రాన అది ఇంటిల్లిపాదికీ సాధువని అనుకొనరాదు.

పందేల కొరకు కత్తి కట్టిన పుంజు వలన ప్రాణాపాయం మరింత ఎక్కువ. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా గొల్లపల్లి మండలం లొత్తునూరులో, పందెం పుంజు కాలికి కట్టిన కత్తి గుచ్చుకొని ఒక వ్యక్తి మరణించాడు. ఆ పుంజును పోలీసులు స్వాధీనం చేసుకొన్న వార్త విదేశీ పత్రికలలో సైతం వచ్చింది.

నిర్వహణ పద్ధతులు

మనిషి నడవడిక

పుంజు సవాలు చేసినప్పుడు పరుగెత్తరాదు, కాలితో తన్నరాదు, కర్రతో కొట్టరాదు. పరుగు దానికి గెలుపుగా, తన్ను దానికి పోట్లాటగా అర్థమవుతుంది. దానివైపు తిరిగి నిలబడి, కదలకుండా ఉండి, అది చూపు మరల్చిన తరువాత నెమ్మదిగా తన పని చేసుకోవాలి. చేట, తట్ట, బకెట్ వంటిదేదైనా కాళ్ళకు అడ్డంగా పట్టుకొంటే ముల్లు తగలదు. అడ్డు ఉన్నదన్న ధైర్యం వలన మనిషి బెదరడు. మనిషి బెదరకపోతే పుంజు ఉత్సాహం తగ్గుతుంది. నిండు పాదరక్షలు, మందపాటి వస్త్రం ధరించడం మంచిది. పుంజు ఉన్న చోట ముఖం వంచి కూర్చొనరాదు.

గింజలు చల్లడానికి ఒక క్రమం పాటించాలి. పుంజు కాళ్ళ దగ్గర దూకుతున్నప్పుడు మేత వేస్తే, దూకితే మేత దొరుకుతుందని అది నేర్చుకొంటుంది. నాలుగు అడుగుల దూరంలో శాంతంగా నిలిచినప్పుడే మేతను దానికి దూరంగా చల్లాలి. రోజూ ఒకే వేళకు, ఒకే పిలుపుతో ఇలా చేస్తే కొన్ని వారాలలో మనిషి రాకకు, మేతకు పుంజు సంబంధం కలుపుకొంటుంది.

పట్టుకొనే విధానం

పుంజును పగలు తరిమి పట్టుకొనరాదు. చీకటి పడి కర్రపై కూర్చొన్న తరువాత కోళ్ళు మందకొడిగా ఉంటాయి. అప్పుడు రెండు చేతులతో రెక్కలు మూసి పట్టుకొని, చంకలో ఇముడ్చుకొని, ఒక చేత్తో కాళ్ళను అదిమి పట్టాలి. ఇట్లు కొద్ది నిమిషాలు ఉంచి, అది పెనుగులాట మాని శాంతించిన తరువాతనే వదలాలి. ముల్లు, కాళ్ళ పొలుసులు, రెక్కల క్రింద పేలు పరీక్షించడానికి ఇదే సమయం. మెడ పట్టి నేలకు అదిమి లొంగదీసే పద్ధతి కొందరు చెబుతారు. దానివలన కొన్ని పుంజులు భయపడి మరింత దుడుకుగా మారవచ్చు, గాయపడవచ్చు. కనుక అది సిఫారసు చేయదగినది కాదు.

మంద ఏర్పాటు

- గూటిలో ఒక్కొక్క పెద్ద కోడికి కనీసం 2 చదరపు అడుగుల స్థలం, పగలు తిరగడానికి వీలైనంత ఆరుబయలు ఉండాలి.
- మేత, నీరు రెండు మూడు చోట్ల, ఒకదానికొకటి కనబడనంత దూరంలో ఉంచాలి.
- వాకిట్లో దడి, బోర్లించిన గంపలు, కట్టెలమోపు వంటి అడ్డులు ఉంటే ఓడిన కోడి దాగడానికి వీలుంటుంది.
- అదనపు పుంజులను పెట్టల నుండి విడదీసి, పెట్టలు కనబడని చోట ఒకే గుంపుగా పెంచవచ్చు. పోటీకి పెట్ట లేనందున వాటిలో పోట్లాట తగ్గుతుంది.
- పిల్ల పుంజులను అనుభవం గల పెద్ద పుంజు ఉన్న మందలో పెంచితే అది వాటిని అదుపులో ఉంచుతుంది.
- బయటి నుండి తెచ్చిన పుంజును రెండు, మూడు వారాలు వేరుగా ఉంచిన తరువాతనే కలపాలి. దీనివలన కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ వంటి వ్యాధులు మందకు సోకే అవకాశం తగ్గుతుంది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది.

పెట్టలను పట్టవలసి వచ్చినా, గుడ్లు తీయవలసి వచ్చినా ముందుగా పుంజును గంప క్రింద కమ్మి ఉంచాలి. ఖర్చు లేని ఈ జాగ్రత్త వలన చాలా దాడులు తప్పుతాయి.

ముల్లు కత్తిరింపు

ముల్లు పైన గోరు వంటి గట్టి తొడుగు, లోపల రక్తనాళాలు గల ఎముక ఉంటాయి. కొనను మాత్రం కొద్దిగా కత్తిరించి, ఆకురాయితో మొద్దుబార్చవచ్చు. లోతుగా కోస్తే రక్తస్రావమై పుంజుకు తీవ్రమైన నొప్పి కలుగుతుంది. మొదటిసారి పశువైద్యుని చేత చేయించడం ఉత్తమం. దీనివలన గాయం తీవ్రత తగ్గుతుంది గాని దూకుడు తగ్గదు.

పుంజు అవసరమా?

గుడ్ల కొరకు మాత్రమే కోళ్ళను పెంచేవారికి పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పొదిగినా పిల్లలు కావు, తినడానికి మాత్రం ఏ తేడా ఉండదు. పిల్లలు కావలసినవారికి, గద్దలు, కుక్కల బెడద ఉన్నవారికి పుంజు ఉపయోగపడుతుంది. ఇరుకైన కాలనీ ఇళ్ళలో, చిన్నపిల్లలున్న చోట, తెల్లవారుజాము కూతపై ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పే చోట పుంజు లేకుండా నాలుగైదు పెట్టలను పెంచడం సులువైన మార్గం.

జాతులు, స్వభావం

ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాలకు చెందిన అసీల్ జాతి పోట్లాటకు ప్రసిద్ధి. ఎత్తైన కాళ్ళు, పొడవైన మెడ, దృఢమైన కండలు దీని లక్షణాలు. అసీల్ పుంజులు తోటి పుంజుల పట్ల తీవ్రంగా ప్రవర్తించినా, పెంచిన మనుషుల పట్ల తరచుగా సాధువుగా ఉంటాయి. అనగా కోళ్ళపై దూకుడు, మనుషులపై దూకుడు ఒకటి కావు. రెండు అసీల్ పుంజులను ఒకే వాకిట్లో విడవరాదు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కాళహస్తి, డంకి, ఆంధ్ర కర్ణాటక సరిహద్దు ప్రాంతపు ఘాగస్ కూడా గుర్తింపు పొందిన దేశవాళీ జాతులు.

పెరటి పెంపకం కొరకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంచాలక కార్యాలయం వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి రకాలను రూపొందించింది. 1988లో కోళ్ళ ప్రాజెక్టు డైరెక్టరేట్‌గా మొదలైన ఈ సంస్థ భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందినది. రాజేంద్రనగర్‌లోనే రూపుదిద్దుకొన్న మరొక పెరటి రకం రాజశ్రీ. జాతి ఏదైనా ఒక్కొక్క పుంజు స్వభావం వేరుగా ఉంటుంది. అందుచేత పుంజును ఎంచుకొనేటప్పుడు రంగు, బరువుతో పాటు నడవడికను కూడా చూడాలి. పిల్లల కొరకు ఉంచే పుంజు మనుషులపై తిరగబడనిదై ఉండటం ముఖ్యం. ఇంటికి నాలుగు పుంజులు పెరిగితే సాధువైన దానిని విత్తనానికి ఉంచి, మిగిలిన వాటిని తీసివేయడం వలన రెండు, మూడు తరాలలో మంద స్వభావంలో మార్పు రావచ్చు.

తుది నిర్ణయం

పైన చెప్పిన పద్ధతులను ఇంటిలోని వారందరూ ఒకే విధంగా నాలుగు నుండి ఆరు వారాలు పాటించి చూడాలి. ఒకరు శాంతంగా ఉండి మరొకరు కర్ర ఎత్తితే ఫలితం రాదు. ఈ కాలంలో పిల్లలను ఒంటరిగా పెరట్లోకి పంపరాదు. ఏడాది దాటిన తరువాత కొన్ని పుంజులు వాటంతట అవే నెమ్మదిస్తాయి. అప్పటికీ ముఖంపైకి ఎగిరే పుంజును, వెనుక నుండి దాడి చేసే పుంజును ఉంచుకోవడం క్షేమం కాదు.

అట్టి పుంజును విశాలమైన పొలం గలవారికి ఇవ్వదలిస్తే దాని స్వభావాన్ని దాచకుండా చెప్పాలి. దాచి ఇచ్చిన పుంజు ఆ ఇంటి పిల్లలను గాయపరిస్తే బాధ్యత ఇచ్చినవారిదే అవుతుంది. పందేలకు అమ్మరాదు. చివరి మార్గంగా ఆహారానికి ఉపయోగించడం గ్రామీణ జీవితంలో సాధారణమే. అది వీలైనంత తక్కువ బాధతో జరగాలి. ఇంటిలో పిల్లలు దానిని పెంచుకొని ఉంటే, పుంజు చెడ్డది కనుక శిక్షించామని గాక, ఈ చోటు దానికి సరిపడలేదని వివరించడం ఉచితం.

గాయాలకు చికిత్స

మనిషికి గాయమైతే వెంటనే ధారగా పారే నీటితో, సబ్బుతో 10 నుండి 15 నిమిషాలు కడగాలి. ముల్లు పోటు పైకి చిన్నగా కనిపించినా లోతుగా దిగుతుంది. కోళ్ళ పెంట, మట్టి అంటుకొన్న ముల్లు వలన ధనుర్వాతం వచ్చే అవకాశం ఉన్నందున వైద్యుని సలహాతో టీకా వేయించుకోవాలి. ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. కంటికి తగిలితే నలపరాదు, పసరు మందులు వేయరాదు, కన్నును ఒత్తకుండా కప్పి వెంటనే కంటి వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. సిర తెగి రక్తం కారుతుంటే పడుకోబెట్టి, కాలు ఎత్తి పెట్టి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి చేర్చాలి. రేబీస్ క్షీరదాల వ్యాధి. కోడి పొడవడం వలన అది రాదు.

గాయపడిన కోడిని మంద నుండి విడదీయాలి. రక్తపు మరకను చూసి మిగిలిన కోళ్ళు అదే చోట పొడుస్తాయి. పుంజు ఎక్కువగా తొక్కడం వలన పెట్టల వీపుపై ఈకలు రాలి చర్మం చీరుకొనిపోతే, ఈకలు తిరిగి వచ్చేవరకు వాటిని వేరుగా ఉంచాలి. పసుపు పూయడం వాడుకలో ఉన్న పద్ధతి. లోతైన గాయాలకు సమీప ప్రభుత్వ పశువైద్యశాలను సంప్రదించాలి.

అపోహలు

- పుంజు ఈకల రంగును బట్టి దాని పౌరుషాన్ని నిర్ణయించవచ్చని పందెగాళ్ళు నమ్ముతారు. కాకి, డేగ, నెమలి, సేతువ మొదలైన రంగుల పేర్లతో, తిథి, నక్షత్రాలతో గెలుపోటములను చెప్పే సంప్రదాయానికి కుక్కుట శాస్త్రం అని పేరు. రంగుకు, మనుషులపై దాడి చేసే గుణానికి సంబంధం ఉన్నదనడానికి శాస్త్రీయ ఆధారం లేదు.
- కాళ్ళు పట్టి తలక్రిందులుగా వేలాడదీస్తే పుంజు లొంగుతుందని కొందరు అంటారు. పక్షులకు మనుషుల వలె ఉదరవితానం లేనందున, తలక్రిందులు చేసినప్పుడు లోపలి అవయవాలు గాలితిత్తులపై పడి శ్వాస కష్టమవుతుంది. కోడి కదలకుండా ఉండటం లొంగుబాటు కాదు, భయం.
- ఎర్ర గుడ్డ చూస్తే ప్రతి పుంజు పొడుస్తుందన్నది నిజం కాదు. కోళ్ళకు రంగులు బాగా కనిపిస్తాయి. తనను బెదిరించిన మనిషి బట్టలను, చెప్పులను, చీపురును గుర్తుపెట్టుకొని వాటిపై దాడి చేసే పుంజులు ఉంటాయి.

చట్టం

జంతువులను వినోదం కొరకు పోట్లాటకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కోడిపందేలపై జూదం 1974 నాటి జూద నిరోధక చట్టం క్రిందకు వస్తుంది. తన అధీనంలోని జంతువు వలన మనుషుల ప్రాణానికి గాని, తీవ్ర గాయానికి గాని అవకాశం ఉన్నదని తెలిసి, లేదా నిర్లక్ష్యంతో, తగిన జాగ్రత్త తీసుకోనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఈ సంహిత 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. పొరుగువారి పిల్లలను పొడిచే పుంజును వీధిలోకి వదలడం కేవలం ఇరుగుపొరుగు తగాదా మాత్రమే కాదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇవి కూడా చూడండి

- కోడి
- అసీల్ కోడి
- కోడిపందేలు
- కొక్కెర తెగులు
- కొండాపూర్ (సంగారెడ్డి జిల్లా)
- పటాన్‌చెరు